కలోజెరో పేరు మీద

మనవరాలు ఎర్సీలియా థీసిస్ రాస్తోంది.
వంటింటి బల్ల నిండా కాగితాలు, నా ఉల్లిపాయలకి చోటు లేదు.
"అమ్మమ్మా, ఇది భూస్వామ్యమా, పెట్టుబడిదారీయా?
ఒక్క మాటలో చెప్పు" అంటుంది,
రెండే సైజుల చెప్పులున్న కొట్టువాడు
నా కాలు కొలిచినట్టు.

నాకేం తెలుసు. ఎనభై నాలుగేళ్ళు, అరిగిన మోకాళ్ళు,
పలెర్మోలో లిఫ్టు లేని నాలుగో అంతస్తు.
రొట్టె కావాలంటే ఫోన్ మీద వేలు పెట్టాలి.
వేలు పెడితే కలోజెరో వస్తాడు.

ఫోన్లో కలోజెరోది బట్టతల, మెడలో గొలుసు,
పుట్టింది ఈ ఊళ్ళోనే అయ్యుంటుంది.
గుమ్మంలో కలోజెరో
గాంబియా కుర్రాడు, ఇరవై రెండుంటాయేమో,
చెవుల దాకా చెమట.
మొదటి రోజు నేను ఫోటో చూశాను, మొహం చూశాను.
వాడు నేల చూశాడు.
రొట్టె వెచ్చగానే ఉంది. తలుపేసుకున్నాను.

నాలుగో నెలలో చెప్పాడు, మంచినీళ్ళు తాగుతూ.
ఖాతా కలోజెరోది, కాగితాలున్నవాడిది.
తన పేరు కెబ్బా.
వందకి ముప్పై కలోజెరోకి.
సైకిలు తనదే, బ్యాటరీ తనదే,
పడితే పగిలే మోచిప్పా తనదే.
మరి కంపెనీ ఎక్కడుంటుందిరా అంటే
కిటికీలోంచి పైకి చూపించాడు.
దేవుణ్ణనుకున్నాను. సెల్ టవరు.

"కౌలు" అన్నాను.
ఎర్సీలియా కలం ఆగింది.

ముస్సొమేలి గుట్టల కింద మా నాన్న పాలుకి దున్నేవాడు.
భూమి బారన్ గారిది, బారన్ గారు ఇక్కడ, ఈ ఊళ్ళో మేడలో.
మధ్యలో గుత్తేదారు, భుజాన తుపాకీ.
కల్లంలో గింజలు తూర్పారబట్టాక మొదలయ్యేది లెక్క:
విత్తనానికింత, కాపలాకింత, గుత్తేదారు గుర్రానికింత,
చర్చిలో దీపానికింత.
ఆ దీపం వెలగ్గా నేను చూళ్ళేదు.
ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు.
చివర్న నాన్న కల్లం ఊడ్చి తెచ్చేవాడు,
అమ్మ మట్టిలోంచి గింజలేరేది.
బారన్ గారి మేడ ఇప్పుడు హోటలు.
కెబ్బా అక్కడికి రాత్రిపూట సుషీ మోసేవాడు.

"అయితే భూస్వామ్యమే!" గబగబా గీత గీసింది పిల్ల.

ఆగవే.
గుత్తేదారు మా ఇంటికొచ్చి కూర్చునేవాడు.
వాడి పుచ్చుపళ్ళ వాసన నాకిప్పటికీ తెలుసు.
ఒక రాత్రి వాడి గడ్డివాము తగలబడింది.
నాన్నే అని ఎవరూ అనలేదు,
అమ్మ మాత్రం ఆ చొక్కా నాలుగు రోజులు ఉతికింది.
కెబ్బా దేనికంటిస్తాడు? టవరుకా?
మమ్మల్ని పొమ్మనాలన్నా పంట చేతికొచ్చేదాకా ఆగేవాళ్ళు,
చచ్చినట్టు ఆగేవాళ్ళు, కోసేది మేమే గనక.
కెబ్బాకి ఆ గడువూ లేదు.
మిల్లు యజమాని మరమగ్గమైనా కొంటాడు.
వీళ్ళు ఓ చక్రం కూడా కొనలేదు.

గీత కొట్టేసింది. ఇంకొకటి గీసింది. కాగితం చిరిగింది.

మొన్న మంగళవారం వాన.
వేలు పెట్టాను. కలోజెరో వస్తున్నాడు, తొమ్మిది నిమిషాలు.
మెట్ల మీద అడుగులు వేరు. వచ్చింది ఇంకెవడో,
పొట్టివాడు, బంగ్లాదేశ్ వాడనుకుంటా.
"కెబ్బా ఏడీ?"
"నేనే కలోజెరో" అన్నాడు, వల్లెవేసిన పాఠంలా.
వాడి వీపున అదే సంచి.
చిరిగిన మూల కెబ్బా అతికించిన పసుపు టేపు
ఊడకుండా అలాగే ఉంది.

కెబ్బా నంబరు నా దగ్గర లేదు. ఎందుకుంటుంది?
అన్నాళ్ళూ పిలిచింది కలోజెరోనే కదా.

ఫోన్ అడుగుతోంది, కలోజెరోకి ఎన్ని నక్షత్రాలని.
ఐదూ నొక్కాను. అవి ఎవరికి చేరతాయో తెలీదు.
కుర్రాడికి మంచినీళ్ళిచ్చాను, ఆ గ్లాసులోనే.
పేరడగలేదు,
అడిగితే మళ్ళీ అబద్ధమాడాలి పాపం.

"ఇంతకీ ఏమని రాయను?" అంది ఎర్సీలియా.
ముందు బల్ల ఖాళీ చెయ్యమన్నాను.
ఉల్లిపాయలు కోయాలి.